ఒక్కరు, ఇద్దరు, ముగ్గురు: నిబంధన సడలినా పెరగని చైనా జననాలు

ప్రపంచ జనాభా కథ – ఏడో భాగం

1980 సెప్టెంబరు 25న చైనా కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ తన సభ్యులకూ యువజన లీగ్ సభ్యులకూ ఒక బహిరంగ లేఖ రాసింది. దంపతులు ఒక్క బిడ్డతో ఆపాలని, ఆ దారిలో పార్టీవాళ్లే ముందు నడవాలని కోరింది. 2000 నాటికి దేశ జనాభా 120 కోట్లు దాటకూడదన్నది లక్ష్యం. ముప్పై ఏళ్ల తర్వాత జనాభా ఒత్తిడి తగ్గుతుందని, అప్పుడు వేరే విధానం చేపట్టవచ్చని కూడా అదే లేఖలో ఉంది. అంటే ఒక్క బిడ్డ నిబంధన పుట్టుకతోనే ఒక గడువు పెట్టుకుని వచ్చింది. ఆ గడువు 2010లో తీరింది. అందరికీ ఇద్దరు పిల్లల అనుమతి వచ్చింది మాత్రం 2016లో. ముగ్గురికి అనుమతి ఇచ్చి, జరిమానాలు ఎత్తివేసింది 2021లో. ఈ సడలింపుల వల్ల ఏం మారింది, ఏం మారలేదు, ఎందుకు మారలేదు అన్నది ఈ భాగంలో విషయం.

నిబంధనకు ముందే తగ్గిన రేటు

1953 జనగణనలో చైనా ప్రధాన భూభాగంలో 58 కోట్ల మంది తేలారు. ఆ సంఖ్య చూసి కలవరపడినవారిలో పెకింగ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, ఆర్థికవేత్త మా యిన్‌చూ ఒకరు. జనాభా పెరుగుదలను అదుపు చేయకపోతే పెట్టుబడికీ చదువుకూ మిగిలేది తక్కువని ఆయన 1957లో వాదించారు. జనమే బలమన్న భావన అప్పటి నాయకత్వానిది. ఆయనపై విమర్శల దాడి జరిగింది. 1960లో పదవి పోయింది. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత, 1979లో గానీ ఆయన గౌరవం ఆయనకు తిరిగి రాలేదు.

ఈలోగా 1958లో మొదలైన ‘మహా ముందంజ’ కార్యక్రమం ఘోరమైన కరువుకు దారితీసింది. కోట్ల మంది చనిపోయారు, జననాలు పడిపోయాయి. కరువు తీరాక జననాలు ఒక్కసారిగా ఎగిశాయి. 1963 ఒక్క ఏడాదిలోనే మూడు కోట్లకు కాస్త తక్కువగా శిశువులు పుట్టారు. చైనా చరిత్రలో ఒక ఏడాదిలో నమోదైన గరిష్ఠ సంఖ్య అదే. 1960ల చివరికి ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్య, అంటే సంతానోత్పత్తి రేటు, ఆరు దరిదాపుల్లో ఉంది.

1970లలో ప్రభుత్వం దేశమంతటా కుటుంబ నియంత్రణ చేపట్టింది. పెళ్లి ఆలస్యంగా చేసుకోవాలి, కాన్పుకీ కాన్పుకీ మధ్య మూడు నాలుగేళ్ల ఎడం ఉండాలి, పిల్లలు తక్కువ ఉండాలి అన్నవి అందులో మూడు సూత్రాలు. ఊరూరా ఉన్న ‘చెప్పుల్లేని వైద్యులు’ గర్భనిరోధక సాధనాలు అందించారు. ఒత్తిళ్లు, బెదిరింపులు అప్పుడూ ఉన్నాయి. అయితే ఆడపిల్లల చదువు పెరగడం, శిశు మరణాలు తగ్గడం కూడా తోడై 1970లో 5.8గా ఉన్న సంతానోత్పత్తి రేటు ఆ దశాబ్దం చివరికి 2.8 దగ్గరకు దిగింది. పదేళ్లలో సగానికి పైగా తగ్గుదల. చైనా జననాల పతనంలో పెద్ద భాగం ఒక్క బిడ్డ నిబంధన రాకముందే జరిగిపోయింది. తర్వాతి కథ అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవడం అవసరం.

అయినా నాయకత్వానికి అది చాలలేదు. మావో మరణం తర్వాత ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టిన డెంగ్ జియావోపింగ్ బృందం తలసరి ఆదాయాన్ని శతాబ్దాంతానికి నాలుగు రెట్లు చేయాలనుకుంది. తలలు తగ్గితే తలసరి పెరుగుతుందన్న లెక్క ముందుకొచ్చింది. క్షిపణి నియంత్రణ శాస్త్రవేత్త సాంగ్ జియాన్ బృందం కంప్యూటర్ సాయంతో అంచనాలు వేసి, స్త్రీకి ముగ్గురు చొప్పున పిల్లలు పుడుతూ పోతే వందేళ్లలో జనాభా 400 కోట్లు దాటుతుందని చూపించింది. మనుషులు తమంతట తాము మనసు మార్చుకునే అవకాశానికి ఆ లెక్కలో చోటు లేదు.

ఊరి గోడల మీద కోటాలు

నిబంధన అమలు బాధ్యత స్థానిక అధికారులది. ఒక ఏడాదిలో ఎన్ని కాన్పులు జరగవచ్చో పైనుంచి కోటా వచ్చేది. బిడ్డను కనడానికి ముందే అనుమతి పత్రం తీసుకోవాలి. కోటా దాటితే మిగతా పనుల్లో ఎంత బాగా పనిచేసినా ఆ అధికారికి పదోన్నతి ఉండదు. అనుమతి లేకుండా బిడ్డను కన్న కుటుంబాలపై వార్షికాదాయానికి కొన్ని రెట్ల జరిమానా పడేది. ప్రభుత్వ ఉద్యోగులకు ఉద్యోగాలు పోయేవి.

1983లో ఈ అమలు తీవ్రస్థాయికి చేరింది. కుటుంబ నియంత్రణ మంత్రి చియాన్ షిన్‌జోంగ్ ఆధ్వర్యంలో ఆ ఒక్క ఏడాది 2 కోట్లకు పైగా కు.ని. ఆపరేషన్లు, 1.4 కోట్లకు పైగా గర్భస్రావాలు జరిగాయి. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి తన మొట్టమొదటి జనాభా పురస్కారాన్ని ఆయనకూ భారత ప్రధాని ఇందిరా గాంధీకీ కలిపి ఇచ్చింది. 1976–77లో, అత్యవసర పరిస్థితి నడిచిన రోజుల్లో, భారతదేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగిన విషయం అప్పటికి ప్రపంచానికి తెలుసు. పురస్కారానికి సలహాదారుగా ఉన్న నోబెల్ ఆర్థికవేత్త థియొడర్ షుల్ట్జ్ నిరసనగా తన పేరు ఉపసంహరించుకున్నారు. రెండు దేశాల్లోనూ ఈ లెక్కల భారం మోసినవారు పేదలే. చైనాలో ఆ బరువు ఎక్కువగా ఆడవాళ్ల శరీరాల మీద పడింది.

1984: మొదటి సడలింపు, ఒక నిశ్శబ్ద ప్రయోగం

పల్లెల్లో వ్యతిరేకత తీవ్రం కావడంతో 1984లో కేంద్ర కమిటీ ‘ఏడో నంబరు పత్రం’ ద్వారా కొంత వెనక్కి తగ్గింది. తర్వాతి ఏళ్లలో చాలా రాష్ట్రాల్లో, తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టిన రైతు కుటుంబాలకు రెండో బిడ్డను కనే అవకాశం వచ్చింది. మైనారిటీ జాతులకు ఇద్దరు, కొన్నిచోట్ల ముగ్గురు దాకా అనుమతి ఉండేది. కనుక ‘ఒక్క బిడ్డ’ నిబంధన అక్షరాలా అమలైంది ప్రధానంగా నగరాల్లో, మరికొన్ని జనసాంద్ర ప్రాంతాల్లో. కానీ తొలి కాన్పులో కూతురు పుడితేనే మలి కాన్పుకు వీలు ఇవ్వడమంటే, ఆడపిల్ల ఉంటే సరిపోదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది.

ఈ కాలంలోనే షాన్‌షీ రాష్ట్రంలో లియాంగ్ జోంగ్‌తాంగ్ అనే పరిశోధకుడు మరో మార్గం సూచించారు. పెళ్లి, తొలి కాన్పు ఆలస్యం చేసుకుని, మలి కాన్పుకు తగినంత ఎడం పాటిస్తే ఇద్దరు పిల్లలను అనుమతించినా జనాభా లక్ష్యం దాటదని ఆయన లెక్క. 1985లో యిచెంగ్ కౌంటీలో దాన్ని అమలు చేసి చూడటానికి అనుమతి లభించింది. గాన్సు, హెబెయి, హుబెయి రాష్ట్రాల్లోనూ కొన్ని ప్రాంతాల్లో ఇలాంటి ప్రయోగాలు జరిగాయి.

యిచెంగ్ ఫలితం ఆలోచించదగ్గది. 1982–2000 మధ్య చైనా జనాభా సుమారు 25 శాతం పెరిగితే, ఇద్దరు పిల్లలకు అనుమతి ఉన్న యిచెంగ్‌లో పెరుగుదల సుమారు 21 శాతమే. ఆడ, మగ శిశువుల నిష్పత్తి కూడా దేశ సగటు కన్నా సహజ స్థాయికి దగ్గరగా ఉంది. అవకాశం ఉన్నా చాలామంది రెండో బిడ్డ వద్దనుకున్నారు. సడలిస్తే జననాలు వెల్లువెత్తుతాయన్న భయానికి ఆధారం లేదని ఈ ప్రయోగం చూపించింది. అయితే పాతికేళ్ల పాటు దాని గురించి బయట పెద్దగా ప్రచారం జరగలేదు, విధానమూ దాన్ని పట్టించుకోలేదు.

దాటిపోయిన గీత

ఒక తరం స్థానంలో మరో తరం అంతే సంఖ్యలో రావాలంటే సంతానోత్పత్తి రేటు 2.1 దగ్గర ఉండాలి. దీన్ని భర్తీ స్థాయి అంటారు. 1990ల మొదట్లోనే చైనా ఆ స్థాయి కిందికి దిగిపోయింది. 2000 జనగణన లెక్క ప్రకారం రేటు 1.22. 2010లో 1.18. ఇంత తక్కువ సంఖ్యలను అధికారులు నమ్మలేదు. దాచిన పిల్లలు చాలామంది ఉన్నారని చెప్పి రేటును 1.6, 1.8 అంటూ పెంచి చూపారు. పిల్లల్ని దాచడం నిజమే కానీ, దాని పరిమాణాన్ని ఎక్కువ చేసి చూడటం వల్ల విధానం మార్చే సమయం పదేళ్లకు పైగా చేజారింది. 2004లో గూ బావోచాంగ్, వాంగ్ ఫెంగ్ తదితర జనాభా శాస్త్రవేత్తలు ఒక బృందంగా నిబంధన సడలించాలని ప్రభుత్వాన్ని కోరారు. 2009లో మళ్లీ కోరారు. కుటుంబ నియంత్రణ శాఖకు ఊరి స్థాయి దాకా లక్షల సిబ్బంది, జరిమానాల రాబడి ఉన్నాయి. ఆ యంత్రాంగం తనను తాను రద్దు చేసుకునే సలహాకు చెవి ఒగ్గలేదు.

ఈలోగా నష్టం పేరుకుపోయింది. స్కానింగ్ యంత్రాలు పల్లెలకు చేరాక ఆడపిండాల తొలగింపు పెరిగింది. సహజంగా నూరుమంది ఆడశిశువులకు 105 మంది మగశిశువులు పుడతారు. చైనాలో ఆ సంఖ్య 1982లో 108 కాగా 2004 నాటికి 121కి చేరింది. 1990ల నుంచి 2024లో ఆ కార్యక్రమం ఆగేదాకా సుమారు 1,60,000 మంది పిల్లలు విదేశీ కుటుంబాలకు దత్తత వెళ్లారు. వారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. అనుమతి లేకుండా పుట్టి హుకౌ అనే నివాస నమోదు దొరకనివారికి బడి, వైద్యం, రైలు టికెట్టు కూడా కష్టమే. 2010 జనగణనలో నమోదు లేనివారు 1.3 కోట్ల మంది ఉన్నట్టు తేలింది. ఒక్కగానొక్క బిడ్డను ప్రమాదంలోనో జబ్బుతోనో పోగొట్టుకుని, మరో బిడ్డను కనే వయసు దాటిన తల్లిదండ్రులు లక్షల్లో ఉన్నారు. 2012లో ఏడు నెలల గర్భిణికి బలవంతంగా గర్భస్రావం చేయించిన ఘటన బయటపడి దేశమంతా భగ్గుమంది. అదే ఏడాది పనిచేసే వయసు జనాభా మొదటిసారి తగ్గినట్టు గణాంక శాఖ ప్రకటించింది. నైతికంగానూ ఆర్థికంగానూ నిబంధనను సమర్థించే వాదనలు రెండూ ఒకేసారి బలహీనపడ్డాయి.

2013: సగం తలుపు

2013 నవంబరులో, దంపతుల్లో ఒక్కరైనా తల్లిదండ్రులకు ఏకైక సంతానమైతే ఇద్దరు పిల్లలను కనవచ్చని పార్టీ ప్రకటించింది. అంతకుముందు ఆ వీలు భార్యాభర్తలిద్దరూ ఏకైక సంతానమైనప్పుడే ఉండేది. 2014 జనవరిలో జెజియాంగ్ రాష్ట్రం మొదట దీన్ని అమలు చేసింది. సుమారు 1.1 కోట్ల జంటలకు అర్హత వచ్చింది. ఏటా అదనంగా 20 లక్షల దాకా కాన్పులు ఉంటాయని అధికారుల అంచనా. 2014 చివరికి దరఖాస్తు చేసింది సుమారు 10.7 లక్షల జంటలు మాత్రమే. 2014లో జననాలు 1.69 కోట్లు కాగా 2015లో అవి పెరగకపోగా 1.66 కోట్లకు తగ్గాయి.

2016: అందరికీ ఇద్దరు

2015 అక్టోబరు 29న పార్టీ సమావేశం ఒక్క బిడ్డ నిబంధనకు ముగింపు పలికింది. చట్ట సవరణ 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈసారి అర్హత పొందిన జంటలు సుమారు 9 కోట్లు. ఏటా రెండు కోట్ల దాకా జననాలు ఉంటాయన్న ఆశతో ప్రసూతి వైద్యుల కొరత మీద చర్చలు జరిగాయి, పసిపిల్లల వస్తువులు అమ్మే కంపెనీల షేర్లు పెరిగాయి.

అప్పటి ప్రకటన ప్రకారం 2016లో 1.786 కోట్ల మంది పుట్టారు. 2000 తర్వాత అదే ఎక్కువ. 2017లో మళ్లీ తగ్గి 1.723 కోట్లకు వచ్చింది. ఈ తగ్గుదల వెనకున్న వివరం సడలింపు ప్రభావాన్ని తేటతెల్లం చేస్తుంది. 2017లో రెండో బిడ్డలుగా పుట్టినవారు 88.3 లక్షలు, అంతకుముందు ఏడాది కంటే 16 లక్షలు ఎక్కువ. మొత్తం జననాల్లో సగానికి పైగా వాళ్లే. అంటే సడలింపు పనిచేసింది, రెండో బిడ్డ కోసం ఎదురుచూసిన తల్లులు వచ్చారు. కానీ ఆ ఏడాది తొలి కాన్పులు 72.4 లక్షలకు పడిపోయాయి. అంతకుముందు ఏడాది కంటే దాదాపు 25 లక్షలు తక్కువ. మలి కాన్పుల్లో వచ్చిన లాభాన్ని తొలి కాన్పుల నష్టం మింగేసింది. తొలి కాన్పుపై ఏనాడూ నిషేధం లేదు కాబట్టి, ఈ తగ్గుదలను ఏ సడలింపూ సరిచేయలేదు.

ఎదురుచూసిన తల్లుల్లో చాలామంది ముప్పై అయిదు, నలభై దాటినవారు. వారి కాన్పులు రెండు మూడేళ్లలో అయిపోయాయి. ఆ తర్వాత జారుడు మొదలైంది. 2018లో 1.52 కోట్లు, 2019లో 1.46 కోట్లు, 2020లో 1.2 కోట్లు.

2021: ముగ్గురు

2021 మే 11న వెలువడిన జనగణన ఫలితాల్లో సంతానోత్పత్తి రేటు 1.3గా తేలింది. ఇరవై రోజులకే, మే 31న, ముగ్గురు పిల్లల విధానం ప్రకటించారు. ఆగస్టులో చట్టం మార్చి, అదనపు సంతానంపై జరిమానాను పూర్తిగా ఎత్తేశారు. జననాలు మాత్రం 2021లో 1.06 కోట్లకు, 2022లో 95.6 లక్షలకు, 2023లో 90.2 లక్షలకు తగ్గాయి. 2022లో మరణాలు జననాలను మించి దేశ జనాభా 8.5 లక్షలు తగ్గింది. కరువు ఏడాది 1961 తర్వాత ఇదే మొదటిసారి. 2023లో భారతదేశం జనాభాలో చైనాను దాటింది. చైనీయులు శుభంగా భావించే డ్రాగన్ సంవత్సరమైన 2024లో జననాలు కాస్త పెరిగి 95.4 లక్షలయ్యాయి కానీ, అదే ఏడాది పెళ్లిళ్ల నమోదు అయిదో వంతు పడిపోయింది. 2013లో 1.35 కోట్లకు చేరిన పెళ్లిళ్లు 2024లో 61 లక్షలే. పెళ్లికాకుండా పిల్లల్ని కనడం చాలా అరుదైన ఆ సమాజంలో పెళ్లిళ్లు తగ్గితే, తర్వాతి ఏళ్ల కాన్పులూ తగ్గుతాయి.

ఈ సడలింపుల కథలో ఒక ప్రాంతం వేరు. షిన్‌జియాంగ్‌లో 2017 నుంచి నిబంధనలను కఠినంగా అమలు చేశారు. నిర్బంధ శిబిరాలు, లూప్‌లు, ఆపరేషన్లు పెరిగిన ఆ కాలంలో వెయ్యి జనాభాకు జననాలు 2017లోని 15.9 నుంచి 2019లో 8.1కి, రెండేళ్లలోనే సగానికి కూలాయి. మిగతా దేశాన్ని కనమని అడుగుతున్న రాజ్యమే అక్కడి వీగర్ ముస్లింలను కనవద్దని ఒత్తిడి చేసింది.

ఎందుకు పెరగలేదు?

మొదటి కారణం గణితం. 1987లో చైనాలో 2.5 కోట్ల మంది పుట్టారు. 1990ల చివరికి ఏటా పుట్టేవారి సంఖ్య దానికన్నా చాలా తగ్గింది. పైగా పుట్టనివ్వని ఆడపిల్లల లోటు దానికి తోడైంది. 2016 తర్వాత తల్లులు కావలసింది 1990లలో పుట్టిన ఆ తక్కువమందే. ఇరవై, నలభై ఏళ్ల మధ్య వయసులో ఆడవారి కన్నా మగవారు 1.75 కోట్లు ఎక్కువ ఉన్నారని 2020 జనగణన చెబుతోంది. ఒక్కో స్త్రీ కనే పిల్లల సంఖ్య మారకపోయినా, తల్లుల సంఖ్య తగ్గితే జననాలు తగ్గుతాయి. నేడు నిబంధన ఎత్తేసినంత మాత్రాన పాతికేళ్ల కిందట పుట్టని తల్లులు రారు.

రెండో కారణం ఖర్చు. 2015లో కుటుంబ నియంత్రణ శాఖే జరిపిన సర్వేలో రెండో బిడ్డ వద్దన్నవారు చెప్పిన మొదటి కారణం ఆర్థిక భారం. నూటికి 74 మందికి పైగా ఆ మాటే అన్నారు. ఒంట్లో ఓపిక చాలదని, పిల్లల్ని చూసుకునేవారు లేరని అరవై మందికి పైగా చెప్పారు. 2024లో వెలువడిన యువా జనాభా పరిశోధన సంస్థ నివేదిక ప్రకారం ఒక బిడ్డను పద్దెనిమిదేళ్లు పెంచడానికి సగటున 5.38 లక్షల యువాన్లు అవుతుంది. అది దేశ తలసరి స్థూల ఉత్పత్తికి ఆరు రెట్ల పైమాట. నగరాల్లో ఇళ్ల ధరలు, మంచి బడి ఉన్న వీధిలో ఇల్లు కొనాల్సిన అవసరం, కళాశాల ప్రవేశ పరీక్ష కోసం చిన్ననాటి నుంచి ట్యూషన్లు, ఇవన్నీ ఒక్క బిడ్డ మీదే కుటుంబపు ఆశలన్నీ పెట్టే అలవాటుతో ముడిపడి పెరిగాయి. 2021 జులైలో ప్రభుత్వం లాభాపేక్షతో నడిచే ట్యూషన్లను నిషేధించింది కానీ, పరీక్ష పోటీ అలాగే ఉంది.

మూడో కారణం ఆడవాళ్ల ఉద్యోగం. ఒకప్పుడు ప్రభుత్వ కర్మాగారాలకు అనుబంధంగా శిశు సంరక్షణ కేంద్రాలు ఉండేవి. 1990ల సంస్కరణల్లో అవి చాలావరకు మూతపడ్డాయి. మూడేళ్లలోపు పిల్లలను చూసుకునే భారం నాయనమ్మలు, అమ్మమ్మల మీద, లేదా ఉద్యోగం మానేసిన తల్లి మీద పడింది. 98 రోజులున్న ప్రసూతి సెలవును చాలా రాష్ట్రాలు తర్వాత 158 రోజుల దాకా పెంచాయి. దాని ఖర్చులో చెప్పుకోదగ్గ భాగం యజమానుల మీద పడటంతో, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కనే అవకాశమున్న యువతులకు ఉద్యోగం ఇవ్వడానికి వాళ్లు వెనకాడసాగారు. పెళ్లి, పిల్లల గురించి ఉద్యోగార్థినులను అడగరాదని 2019లో తొమ్మిది ప్రభుత్వ శాఖలు కలిసి ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. చదువుకున్న ఒక తరం ఆడపిల్లలు, తమ ఇంట్లో మగపిల్లవాడు లేకపోవడం వల్లే పూర్తి చదువు, ఆస్తి, ఆదరణ పొందినవారు, ఇప్పుడు కెరీర్ వదులుకుని తల్లులు కావాలన్న పిలుపును సహజంగానే ప్రశ్నిస్తున్నారు.

నాలుగో కారణం అలవాటు. ముప్పై అయిదేళ్లలో ఒకరిద్దరు పిల్లల కుటుంబమే మామూలు కుటుంబం అయిపోయింది. ఈ మార్పు నిబంధన వల్లే వచ్చిందనడం కష్టం. ఒక్క బిడ్డ చట్టం ఎన్నడూ లేని దక్షిణ కొరియాలో 2023లో సంతానోత్పత్తి రేటు 0.72కు దిగింది. తైవాన్‌లోనూ ఒకటి కంటే తక్కువే. విధానం వల్ల 40 కోట్ల జననాలు ఆగాయన్న చైనా ప్రభుత్వ లెక్కను చాలామంది జనాభా శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. చదువు, నగరీకరణ, ఆదాయం పెరిగిన ఇరుగుపొరుగు దేశాల్లో బలవంతం లేకుండానే రేటు అంతే తగ్గిందని వాళ్లు చూపిస్తారు.

సడలింపు ఇచ్చినవి

జననాల సంఖ్య పెరగనంత మాత్రాన సడలింపు వృథా కాలేదు. 2016 జనవరిలో నమోదు లేని పిల్లలందరికీ హుకౌ ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. లక్షల మంది చట్టం కంట పడకుండా బతికే దుస్థితి నుంచి బయటపడ్డారు. ఆడ, మగ శిశువుల నిష్పత్తి 2010లోని 118 నుంచి 2020లో 111కు దిగింది. ఇద్దరు కావాలనుకున్న కుటుంబాలకు ఇద్దరు దక్కారు. అన్నిటికన్నా ముఖ్యం, కాన్పుకు ముందు అధికారి అనుమతి కోసం ఎదురుచూసే స్థితి చాలావరకు పోయింది. ఈ మేలు జనాభా పట్టికల్లో కనిపించకపోయినా, అది కోట్ల ఇళ్లలో జరిగిన మేలు.

పట్టికల్లో కనిపించేది వృద్ధాప్యం. 2024 చివరికి అరవై దాటినవారు 31 కోట్లు, దేశ జనాభాలో 22 శాతం. 2025 జనవరి నుంచి ఉద్యోగ విరమణ వయసును పదిహేనేళ్లలో క్రమంగా పెంచుతున్నారు. మగవారికి 60 నుంచి 63కు, ఆడవారికి ఉద్యోగ స్వభావాన్ని బట్టి 55 నుంచి 58కి, లేదా 50 నుంచి 55కు. 1950ల తర్వాత ఆ వయసు మార్చడం ఇదే తొలిసారి.

అనుమతి నుంచి ప్రోత్సాహానికి

అనుమతి చాలదని తేలాక డబ్బు వంతు వచ్చింది. 2021లో సిచువాన్‌లోని పాన్‌జిహువా నగరం రెండో, మూడో బిడ్డకు మూడేళ్లు వచ్చేదాకా నెలకు 500 యువాన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 జులైలో కేంద్ర ప్రభుత్వం మూడేళ్లలోపు ప్రతి బిడ్డకూ ఏడాదికి 3,600 యువాన్లు ప్రకటించింది. బడికి ముందు ఏడాది చదువును ఉచితం చేసింది. బిడ్డను పెంచే ఖర్చుతో పోలిస్తే ఈ మొత్తం చిన్నది. అయినా బిడ్డ పెంపకంలో ప్రభుత్వానికీ వంతు ఉందని దేశవ్యాప్తంగా ఒప్పుకోవడం చైనా విధానంలో కొత్త అడుగు.

తెలుగు నేల మీద ఇదే ప్రశ్న

కాన్పుల మీద చైనా తరహా చట్టం భారతదేశంలో ఎన్నడూ లేదు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి అనర్హుల్ని చేసింది. మూడు దశాబ్దాల తర్వాత 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. తెలంగాణ కూడా 2025లో పంచాయతీ ఎన్నికల నుంచి దాన్ని తొలగించింది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతానోత్పత్తి రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. రెండూ భర్తీ స్థాయి కంటే తక్కువే. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో దాదాపు 70 శాతం కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారు. చాలామందికి అది పాతికేళ్లలోపే జరుగుతుంది. ఎన్నికల అర్హత మార్చడం న్యాయమైన పనే. తమ సంతానం సంఖ్య కారణంగా పోటీకి దూరమైన పేద, దళిత, ఆదివాసీ స్త్రీ పురుషులకు హక్కు తిరిగి వచ్చింది. కానీ దానివల్ల కాన్పులు పెరుగుతాయని ఆశించడానికి చైనా అనుభవంలో ఆధారం లేదు. వియత్నాం కూడా 2025 జూన్‌లో తన ఇద్దరు పిల్లల నిబంధన రద్దు చేసింది. అక్కడి ఫలితం ఇంకా తేలవలసి ఉంది.

చైనా అనుభవం నుంచి మూడు సంగతులు స్థిరపడ్డాయి. జనన నియంత్రణను ఎత్తేయాల్సింది రేటు భర్తీ స్థాయికి చేరుతున్నప్పుడే, అది పడిపోయి పాతికేళ్లయ్యాక కాదు. సడలింపు వల్ల కలిగే పెరుగుదల ఎదురుచూస్తున్నవారికే పరిమితం, రెండు మూడేళ్లలో ముగుస్తుంది. ఆ తర్వాత పిల్లల సంఖ్యను తేల్చేది ఇంటి అద్దె, శిశు సంరక్షణ, ఆడవాళ్ల ఉద్యోగ భద్రత, ఇంటిపనిలో భర్త పంచుకునే వంతు. వీటిని మెరుగుపరచడం జననాలు పెరిగినా పెరగకపోయినా చేయవలసిన పనే, ఎందుకంటే బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం తల్లిది. ఆ నిర్ణయాన్ని నిర్భయంగా తీసుకునే పరిస్థితి కల్పించడమే ప్రభుత్వం వంతు.

(వచ్చే భాగం: దక్షిణ కొరియా – ‘ఇద్దరు చాలు’ ప్రచారం నుంచి ప్రపంచంలోనే అతి తక్కువ జననాల రేటు దాకా)